ఇంటి కంప్యూటరులో అధికారి యెవరు?

సొమ్ము పోసి కొన్న యంత్రము. ఇంటిలో మన మేజాబల్లమీదనే ఉన్నది. దానిని తెరచు పాస్‌వర్డు యజమానికి తప్ప అన్యులకు తెలియదు. అయినను ఆయన తన పాత ఛాయాచిత్రములున్న ఫోల్డరును తెరువబోగా, ప్రవేశము నిరాకరింపబడినదని అది బదులు చెప్పును. క్రొత్త ప్రోగ్రామును స్థాపింపబోగా, అడ్మినిస్ట్రేటరు అనుమతి కావలెనని అడ్డు తగులును. సందేహము కలిగి ఖాతాల పట్టిక తీసి చూచినచో, ఆయన పేరు క్రిందనే అడ్మినిస్ట్రేటరు అను మాట స్పష్టముగా కనబడును. అధికారి తానే, అనుమతి లేనివాడును తానే. శ్రోతలలో పెక్కుమంది యీ చిక్కున పడియే యుందురు.

కోపము వచ్చుట సహజము. ఆ కోపములో తాళమునే ఊడబెరికినవారును కలరు. ఈ తాళమును ఎవరు, ఎందులకు, ఎవరి భయమున వేసిరో తెలిసికొనినచో చిక్కు విప్పుట సులువగును. తెలియక చేయి పెట్టినచో, ఒక్కొక్కప్పుడు ఇంటిల్లిపాది జ్ఞాపకములే నశించును. ఆ కథ 1961లో ఆరంభమైనది.

అంతకు పూర్వము కంప్యూటరునకు తాళముతో పనిలేకుండెను. యంత్రము ఒక్కటి, అది యొక పెద్ద గదిని నింపియుండెడిది. దానికి పని చెప్పువారు చిల్లులు పొడిచిన కార్డుల కట్టలు తెచ్చి తమ వంతునకై వేచియుండెడివారు. ఒకరి పని ముగిసినగాని మరియొకరి పని మొదలు కాదు. గది తలుపునకు తాళమున్నచో చాలును. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక నూతన పద్ధతిని ప్రదర్శించి చూపిరి. ఒకే యంత్రము తన కాలమును చిన్న చిన్న తునుకలుగా పంచి, అనేకులకు ఏకకాలమున పని చేసిపెట్టుట ఆ పద్ధతి. ప్రతివాడును యంత్రము తనదే అనుకొనును. నిజమునకు అది అందరిదియు. దానితో రెండు ప్రశ్నలు పుట్టినవి. ఒకరి ఫైళ్ళలో మరియొకరు చేయి పెట్టకుండుట యెట్లు? ఒకరికి కేటాయించిన కాలమును మరియొకరు వాడుకొనకుండుట యెట్లు? కార్బటో బృందము వెదకి తెచ్చిన ఉపాయమే పాస్‌వర్డు.

మరుసటి సంవత్సరముననే దానికి గండి పడెను. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కాలము చాలక, పాస్‌వర్డులున్న ఫైలును అచ్చువేయుమని ఒక కార్డుపై కోరెను. యంత్రము ఆ కోరికను శిరసావహించెను. ఈ సంగతిని దశాబ్దముల తరువాత ఆయనయే బయటపెట్టెను.

1960ల నడుమ జరిగిన మరియొక సంఘటన యింతకన్న బోధకమైనది. ఇందు దొంగ లేడు. యంత్రమును నిర్వహించు అధికారులు ఇరువురు ఒకే సమయమున ఒకే చోట కూర్చుండి రెండు ఫైళ్ళను దిద్దుచుండిరి. ఒకటి, యంత్రములో ప్రవేశించినవారికి ఆనాటి విశేషము తెలుపు స్వాగత సందేశము. రెండవది పాస్‌వర్డుల పట్టిక. దిద్దుటకు వాడిన ప్రోగ్రాము, ఒకేసారి ఒక్కడే దిద్దునను నమ్మకముతో నిర్మింపబడినది. అది తన తాత్కాలిక ప్రతికి ఎప్పుడును ఒకే పేరు పెట్టెడిది. రెండు ప్రతులును తారుమారైనవి. ఆ సాయంకాలము యంత్రములో ప్రవేశించిన ప్రతివారి యెదుటను స్వాగత సందేశమునకు బదులుగా అందరి పాస్‌వర్డులును వరుసగా టైపగుచు వచ్చెను. 1990వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము నందుకొనిన సందర్భమున కార్బటో ఈ కథను తానే చెప్పెను. ఆ యిరువురును సత్పురుషులే. చేయదగిన పనినే చేయుచుండిరి. అపాయము మనుష్యుని బుద్ధిలో లేదు. ఆ మనుష్యుని అధికారమును చేతబట్టుకొని నడచుచున్న ప్రోగ్రాములో ఉన్నది. నేడు మన యింటి యంత్రము మనలను నిలిపి ప్రశ్నించుటకు మూలకారణము సరిగా ఇదియే.

తరువాతి ఘట్టము బెల్ పరిశోధనాలయమున జరిగెను. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను నిరువురు 1969లో యూనిక్సు అను వ్యవస్థకు పునాది వేసిరి. 1971 నవంబరులో వెలువడిన దాని ప్రథమ సూచికాగ్రంథముననే సూపర్ యూజరు, అనగా సర్వాధికారి, ప్రస్తావన కలదు. ఈ సర్వాధికారికి రూట్ అని మారుపేరు. ఆయనకు ఏ తలుపును మూసియుండదు. కాని ఆ పేరుతో దినమంతయు కూర్చుండుట పద్ధతి కాదు. నిర్వాహకుడు తక్కినవారివలెనే సామాన్యఖాతాలో పనిచేసికొనుచు, అవసరము కలిగినపుడు మాత్రమే రూట్ వేషము ధరించి, పని కాగానే ఆ వేషము తీసివేయవలెను.

రిచీ దీనికి మరియొక మెరుగు దిద్దెను. పాస్‌వర్డుల పట్టికను సామాన్యుడు తాకరాదు. అయినను ప్రతి సామాన్యుడును తన పాస్‌వర్డును మార్చుకొనగలగవలెను. ఇది యెట్లు పొసగును? మార్పు చేయు ప్రోగ్రామునకే ఒక గుర్తు పెట్టినారు. ఆ గుర్తున్న ప్రోగ్రామును ఎవరు నడపినను, అది నడచునంతసేపును దాని యజమాని అధికారము దానికి కలుగును. మనుష్యునికి కాదు, ఆ యొక్క పనికి మాత్రమే అధికారము. ఈ కల్పనకు 1973లో దరఖాస్తు పెట్టగా 1979లో రిచీ పేర పేటెంటు లభించెను. పైకి స్వల్పముగా తోచు ఈ యుపాయమును నేను కంప్యూటరు చరిత్రలోని గొప్ప ఊహలలో నొకటిగా లెక్కింతును.

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అను పండితులు ఈ యనుభవములన్నిటిని ఒక వ్యాసమున క్రోడీకరించి, ప్రతి ప్రోగ్రామును, ప్రతి మనుష్యుడును తన పనికి చాలినంత అధికారముతోనే మెలగవలెనను సూత్రమును వివరించిరి. మన పల్లెలలో ఇది క్రొత్త కాదు. ధాన్యము కొలువవచ్చినవానికి గాదె తాళపుచెవి యిత్తురు గాని ఇనుపపెట్టె తాళపుచెవి యీయరు. వాడు దొంగ యని కాదు. వాని చేతినుండి అది యెచట జారిపడునో ఎవరికెరుక?

ఇంతవరకు జరిగినదంతయు విశ్వవిద్యాలయముల కథ, పెద్ద కార్యాలయముల కథ. అచట వాడువారు వేరు, నిర్వహించువారు వేరు. 1981 ఆగస్టులో ఐబిఎం సంస్థ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినపుడు ఈ యనుభవమంతయు అటకెక్కెను. దానిలోని డాస్ అను వ్యవస్థకు ఖాతాలను మాటయే తెలియదు. యంత్రము ముందర కూర్చున్నవాడే యజమాని. దానిని తప్పు పట్టలేము. ఆ యంత్రము మరి యే యంత్రముతోను కలిసియుండలేదు. 1995లో వచ్చిన విండోస్ 95 కూడ ఇంచుమించు అట్టిదే. అది పాస్‌వర్డు అడిగినట్లు కనబడును; రద్దు అను బొత్తామును నొక్కినచో నోరెత్తక లోనికి రానిచ్చును. కావలివానిని పెట్టినారు గాని వానికి కర్ర యీయలేదు.

అప్పటికే ఇంటర్నెట్టు ఇండ్లలో ప్రవేశించుచుండెను. 2000 మే నెలలో ఫిలిప్పీను దీవులలో పుట్టిన ఒక దుష్ట ప్రోగ్రాము ప్రేమలేఖ వేషమున ఉత్తరములవెంట ప్రపంచమంతయు వ్యాపించెను. అది పోయిన చోటులనెల్ల ఛాయాచిత్రముల ఫైళ్ళపై తన వ్రాతను వ్రాసి వానిని నాశనము చేసెను. దానిని లోనికి రప్పించినవాడు యజమానియే. ఉత్తరమునకు జతపరచిన ఫైలును ఆతడు తెరచెను. అది యాతని పేరుతో, ఆతని అధికారముతోనే పని చేసెను.

మైక్రోసాఫ్ట్ సంస్థ యొద్ద గట్టి తాళములుగల వ్యవస్థ లేకపోలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థనుండి వచ్చిన డేవిడ్ కట్లర్ నాయకత్వమున నిర్మింపబడిన విండోస్ ఎన్‌టి 1993లోనే వెలువడెను. అందు ప్రతి ఫైలునకును ఒక యజమాని, ఎవరెవరు ఏమేమి చేయవచ్చునో తెలుపు ఒక జాబితా కలవు. అది కార్యాలయములకై నిర్మించినది. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో ఆ తాళములు ఇండ్లకు వచ్చినవి. కాని యంత్రమును సిద్ధపరచునపుడు ఇంటిలోనివారి పేర్లు వ్రాసినచో, వారినందరిని అది అడ్మినిస్ట్రేటర్లుగనే చేసెను. తాతగారును అధికారి, పదియేండ్ల మనుమడును అధికారి. మంచి తాళము చేయించి, తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసినట్లయ్యెను. ఇది గొప్ప పొరపాటని నా యభిప్రాయము. సామాన్యఖాతా నేర్పరచుకొను వీలు అందు లేకపోలేదు. కాని పెక్కు ప్రోగ్రాములు అట్టి ఖాతాలో నడువక మొరాయించెడివి. ఏలయన వానిని వ్రాసినవారు, వాడుకరి యెల్లప్పుడును సర్వాధికారియేయని నమ్మి, వ్యవస్థకు చెందిన చోటులందు యథేచ్ఛగా వ్రాయుచుండిరి. ప్రోగ్రాములు నడువవు గనుక జనులు అధికారులుగా ఉండిరి. జనులు అధికారులు గనుక ప్రోగ్రాములు మారలేదు.

ఈ వలయమును త్రెంచుటకు విండోస్ విస్టాలో యూజర్ అకౌంట్ కంట్రోల్ అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. విస్టా 2007 జనవరి 30న సామాన్య ప్రజలకు విడుదలయ్యెను. మన మొదటి చిక్కునకు విడుపు ఇచటనే ఉన్నది గనుక కొంచెము నిదానించి చూతము.

హనుమంతుడు లంకకు పోవునపుడు రాముని యుంగరమును కొనిపోయెను గదా; సీత దానిని చూచి ఈతడు రామదూత యని నమ్మెను. అట్లే మనము కంప్యూటరులో ప్రవేశింపగానే వ్యవస్థ మన పేర ఒక ముద్రికను తయారు చేయును. దానిని టోకెను అందురు. మనము నడపు ప్రతి ప్రోగ్రామును ఆ ముద్రికను ధరించియే తిరుగును. ఎక్స్‌పిలో అడ్మినిస్ట్రేటరు నడపిన ఆటవస్తువు వంటి ప్రోగ్రాము కూడ రాజముద్రికను ధరించియే తిరిగెడిది. విస్టా నాటినుండి అడ్మినిస్ట్రేటరునకు రెండు ముద్రికలు తయారగును. ఒకటి సామాన్యమైనది, రెండవది సర్వాధికారము గలది. రెండవదానిని వ్యవస్థ తన యొద్దనే దాచియుంచి, మొదటిదానినే ప్రోగ్రాములకిచ్చును. ఏదేని ప్రోగ్రాము పెద్ద ముద్రికను కోరినచో, తెర మసకబారి, ఒక ప్రశ్న ముందుకు వచ్చును. మనము ఔనన్నచో ఆ యొక్క ప్రోగ్రామునకు మాత్రమే అది లభించును. కాబట్టి పట్టికలో అడ్మినిస్ట్రేటరు అని యుండియు అనుమతి లేదనిపించుకొనుట వైరుధ్యము కాదు. ప్రోగ్రాము గుర్తుపై మౌసు కుడిబొత్తాము నొక్కి, అడ్మినిస్ట్రేటరుగా నడుపుము అను పంక్తిని ఎన్నుకొనినచో పెద్ద ముద్రిక చేతికి వచ్చును. సగము చిక్కులు దీనితోనే తీరును.

ప్రజలు దీనిని మెచ్చలేదు. మాటిమాటికి ప్రశ్నలు వచ్చుచుండెనని విసిగిరి. పోటీసంస్థయైన ఆపిల్ దీనిని పరిహసించుచు ప్రకటనచిత్రమును తీసెను. తమ యంత్రమున అట్టి ప్రశ్నయే లేనట్లు వారు నవ్వుట న్యాయము కాదు. వారి వ్యవస్థయు అవసరమైనపుడు పాస్‌వర్డు నడుగునదే. 2008లో మైక్రోసాఫ్ట్ అధికారి యొకరు, జనులకు విసుగు పుట్టించుటయే తమ యుద్దేశమని బహిరంగసభలో చెప్పి ఆశ్చర్యపరచెను. జనులు విసిగి ప్రోగ్రాములు వ్రాయువారిని నిలదీసినచో, వారు తమ ప్రోగ్రాములను సరిదిద్దుదురని ఆయన భావము. మొరటు మందే గాని, పనిచేసెను. ప్రోగ్రాములు క్రమముగా మారినవి. 2009లో వచ్చిన విండోస్ 7లో ప్రశ్నల సంఖ్యయు తగ్గెను.

రెండవ చిక్కు వేరు. ఇండ్లలో కన్నీరు పెట్టించునది ఇదియే. పాత కంప్యూటరు చెడిపోవును. దాని డిస్కును తీసి క్రొత్త యంత్రమునకు తగిలింతురు. పెండ్లి ఫోటోలు, తండ్రిగారి ఉత్తరములు అన్నియు అందున్నవి. ఫోల్డరు కనబడును, తెరచుకొనదు. ఖాతా పేరు రెంటిలోను ఒక్కటే, పాస్‌వర్డును ఒక్కటే. అయినను ఏల తెరువదు? ఎన్‌టి వ్యవస్థ పేరును చూడదు. ఖాతా పుట్టునపుడు దానికొక పొడవైన సంఖ్యను కేటాయించును. తాళముల జాబితాలో వ్రాయునది ఆ సంఖ్యనే. ఒకే ఊరిలో ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు ఇరువురున్నను భూమి పట్టా ఒకరిదే యగును గదా. క్రొత్త యంత్రమునకు పాత సంఖ్య ఎవరిదో తెలియదు. అందుచే యజమాని పేరుండవలసిన చోట ఎస్ అను అక్షరముతో మొదలగు అంకెల వరుస మాత్రమే కనబడును.

దీనికి మందు కలదు. ఎన్‌టి నిర్మాతలు యాజమాన్యమును, అనుమతిని వేరు వేరుగా నుంచిరి. చదువుటకు అనుమతి లేకున్నను, యజమానియైనవాడు అనుమతుల జాబితాను మార్చుకొనగలడు. అడ్మినిస్ట్రేటరునకు యాజమాన్యమును స్వీకరించు హక్కు కలదు. కాబట్టి మొదట ఆ ఫోల్డరు గుణముల పుటలో భద్రతా విభాగమును తెరచి, యజమాని స్థానమున క్రొత్త ఖాతాను నిలుపవలెను. లోపలి ఫోల్డర్లకును, ఫైళ్ళకును అదియే వర్తించునట్లు గడిలో గుర్తు పెట్టవలెను. పిదప ఆ ఖాతాకు పూర్తి అనుమతి నీయవలెను. ఈ క్రమము తప్పినచో పని జరుగదు. కొన్ని యెడల తెరపై "కొనసాగించుము" అను బొత్తాము కనబడును. దానిని నొక్కినచో ఆ ఫోల్డరు జాబితాలో మన పేరు శాశ్వతముగా చేరును. ఇంటిలో మరియొకరి ఫోల్డరు విషయమున ఇది గుర్తుంచుకొనదగినది.

రెండు హెచ్చరికలు. తమ ఫోల్డరు తెరచుకొనెనను సంతోషమున కొందరు విండోసు నడచుచున్న డిస్కునంతటిని తమ యాజమాన్యము క్రిందికి తెచ్చుకొనజూతురు. విస్టా నాటినుండి వ్యవస్థ ఫైళ్ళలో పెక్కింటికి యజమాని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అను అంతర్గత సేవ. అడ్మినిస్ట్రేటరు కూడ వానిని చదువగలడు గాని మార్చలేడు. ఆ యేర్పాటును చెరచినచో యంత్రము మరల లేవకపోవచ్చును. రెండవది యింతకన్న దారుణము. ఫైళ్ళను రహస్యలిపిలోనికి మార్చు సదుపాయము 2000 నాటి విండోసు నుండియు కొన్ని రకములలో కలదు. అట్లు మార్చిన ఫైళ్ళకు యాజమాన్యము స్వీకరించినను ప్రయోజనము లేదు. తాళము వేరు, లిపి వేరు. పాత వ్యవస్థను తుడిచివేసినపుడు దానిలోని కీలకము కూడ తుడిచిపెట్టుకొనిపోయినచో, ఆ చిత్రములు కంటి యెదుట నున్నను ఎవరికిని కనబడవు. పాత డిస్కును తుడుచుటకు ముందే ఫైళ్ళను తెరచి చూచి, మామూలు ప్రతులను వేరుచోట భద్రపరచుకొనవలెను. అధికారములను ఎంత పొదుపుగా పంచినను, మన సొంత ఫైళ్ళను మన పేరుతో నడచు దుష్ట ప్రోగ్రాము చెరపగలదు; ఆ తాళము కాపాడునది యంత్రమును. ఫోటోలను కాపాడునది వేరొక ప్రతియే.

ఇంటి యంత్రమున రెండు ఖాతాలుండుట మేలు. దినదినము వాడుకొనునది సామాన్యఖాతా. అడ్మినిస్ట్రేటరు ఖాతా వేరుగా, వేరు పాస్‌వర్డుతో. 1971 నాటి యూనిక్సు నిర్వాహకుడు చేసినది ఇదియే. మైక్రోసాఫ్ట్ సంస్థయు 2024లో ప్రకటించిన నూతన పద్ధతిలో, ఒకే ఖాతాకు రెండు ముద్రికలను మాని, సర్వాధికార కార్యములకై వ్యవస్థయే ఒక మరుగు ఖాతాను నిర్వహించునట్లు సంకల్పించెను.

అయితే ఖాతాలను సర్దుచు, ఉన్న యొక్క అధికారిని సామాన్యునిగా మార్చుకొనినవారును కలరు. అపుడు తెరపై ప్రశ్న వచ్చును గాని, ఔనను బొత్తాము వెలవెలబోయి నొక్కుటకు వీలుపడదు. ఒప్పుకొనదగిన అధికారి యెవడును మిగులలేదు. నిర్మాతలు దీనిని ముందుగనే ఊహించిరి. ప్రతి విండోసులోను అడ్మినిస్ట్రేటరు అను పేరుతోనే ఒక పుట్టు ఖాతా కలదు. విస్టా నాటినుండి అది నిద్రాణమై యుండును. యంత్రమును సేఫ్ మోడ్ అను రక్షణస్థితిలో నడపినపుడు, మరి యే అధికారియు లేనిచో, ఆ ఖాతా లోనికి రానిచ్చును, ఒక్కడున్నను రానీయదు. దానితో ప్రవేశించి పోయిన హోదాను తిరిగి యీయవచ్చును. కాని డిస్కునకు బిట్‌లాకర్ రహస్యలిపి యున్న యంత్రములలో ఈ దారి నడుమ 48 అంకెల కీలకము నడుగుట కలదు. ఆ యంకెలను యంత్రములో దాచినచో ప్రయోజనము లేదు. కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో పెట్టవలెను.